ఘుణాక్షరములు: గోదావరి సీమలో ఇంటి కలప రక్షణ చరిత్ర

సంస్కృతాంధ్రములు రెంటను ప్రచారములోనున్న లౌకిక న్యాయములలో ఘుణాక్షరన్యాయ మొకటి. ఘుణమనగా కర్రను తొలుచు పురుగు. అది ఆకలిగొని కర్రను తొలుచుకొనుచు పోవునప్పుడు ఏర్పడిన గీతలలో ఏదో యొకటి దైవికముగా అక్షరమువలె కన్పట్టును. పురుగునకు చదువు రాదు, వ్రాయవలెనన్న తలంపును లేదు. ఉద్దేశింపకయే ఒక కార్యము సమకూరినప్పుడు పెద్దలు ఈ న్యాయమును చెప్పుట వాడుక. పండితునకు ఇది యొక పోలిక మాత్రమే. దూలము క్రింద ప్రతి యుదయము పిండి రాలుచుండగా చూచు గృహస్థునకు అది పోలిక కాదు. తాత తండ్రులు కట్టిన యిల్లు నిలుచునా, నిలువదా యను ప్రశ్న.

గోదావరి డెల్టాలో ఇటీవలి దశాబ్దములలో పాత మండువా లోగిళ్లు పెక్కు విప్పబడినవి. పంపకములు, వలసలు, మరమ్మతుల వ్యయము, కొత్త కట్టడములపై మోజు - కారణములు పలు. వానిలో "కర్ర పుచ్చిపోయినది" అను మాటయు నొకటి. ఆ మాట ఒక్కొక్కప్పుడు నిజము. ఒక్కొక్కప్పుడది ఎన్నడో చచ్చిన పురుగు విడిచిపోయిన రంధ్రములను చూచి భయముచే పలికిన మాట. ఈ రెంటికిని గల భేదము తెలియక, గట్టి ఇండ్లను కలప బేరగానికి అప్పగించిన వారు కలరు. అదే భేదము తెలియక, మందు అక్కరలేని కర్రకు విషము పట్టించి, ఆ గదిలోనే పసిపిల్లలను పరుండబెట్టిన వారును కలరు. కావున ఈ సీమలో కలపను పూర్వులెట్లు కాపాడుకొనిరి, శాస్త్రము వచ్చి ఏమి మార్చెను, నేడు గృహస్థు తానుగా చేసికొనదగినదెంత, వృత్తి తెలిసినవానికి విడువదగినదెంత యని విచారించుట నిరుపయోగము కాదు.

కలప వచ్చిన దారి

డెల్టా నేల ఒండ్రు నేల. వరికి, కొబ్బరికి, అరటికి అది పుట్టినిల్లు. కాని పెద్ద దూలములకు పనికివచ్చు టేకు అడవులు అచ్చట లేవు. ఆ కలప పాపికొండలకు ఎగువనున్న అడవులనుండి శబరి, గోదావరి నదుల మీదుగా తెప్పలుగా కట్టబడి రాజమహేంద్రవరపు రేవునకు దిగుచుండెడిది. పచ్చి టేకు దుంగ నీటిలో సరిగా తేలదు. అందుచే మానును ఎండనిచ్చియో, తేలికయగు వెదుళ్లతో జతకట్టియో నదిలో విడుచుట ఆచారము. రేవు చేరిన దుంగలు అడితీలలో కోతపడి, పట్టెలై, దూలములై, స్తంభములై ఊళ్లకు పోయెడివి.

1847లో ఆరంభమై 1852లో పూర్తియైన ధవళేశ్వరపు ఆనకట్ట ఈ వర్తకమునకు కొత్త దారి తెరచినది. సర్ ఆర్థరు కాటను త్రవ్వించిన కాలువలు పొలములకు నీరిచ్చుటతోపాటు పడవలకును బాటలైనవి. రాజమహేంద్రవరమున దిగిన కలప కాలువ పడవలపై కోనసీమకును, పశ్చిమ డెల్టా గ్రామములకును చేరుట సులభమయ్యెను. వరి పంట స్థిరపడి చేతికి వచ్చిన ధనములో కొంత ఇండ్లరూపమున నిలిచినది. నాలుగు వైపుల పడసాలలు, నడుమ ఆకాశము కన్పించు మండువా, రాతి దిమ్మలపై నిలిచిన టేకు స్తంభములు, చెక్కడపు పనిగల ద్వారబంధములు - ఇట్టి లోగిళ్లు ఆ కాలపు కలిమికి గుర్తులు.

సామాన్యుని ఇంటికి టేకు అందుబాటులో లేదు. అతనికి పొలము గట్టుననున్న తాడిచెట్టే కలప. తాడి మానునకు వెలుపల నల్లని చేవ, లోపల మెత్తని బెండు ఉండును. ముసలి చెట్టును కొట్టి, నిలువున చీల్చి, బెండును బాడిసతో చెక్కివేసి, చేవను మాత్రము దూలములకు, వాసములకు వాడెడివారు. బెండు మిగిలినచో పురుగు అచ్చటినుండియే ఆరంభించునని వడ్రంగికి తెలియును. వెదురు, మామిడి, వేప, నల్లమద్ది మున్నగునవి అవసరమును బట్టి వచ్చెడివి.

పూర్వుల జాగ్రత్తలు

మందుల దుకాణములు లేని కాలమున ఈ కలప నూరేండ్లు నిలిచినదనగా, అందులకు కారణము అదృష్టము కాదు. మొదటి జాగ్రత్త ఎంపిక. టేకు వంటి చెట్లకు నడుమ చేవ, చుట్టును తెల్లని లేత చెక్క ఉండును. టేకు చేవలో సహజముగనే చెదలకు సరిపడని ద్రవ్యములు కలవు. టేకు తెల్లచెక్కలో ఆ రక్షణ లేదు. కావుననే "టేకు గదా, పుచ్చదు" అనుమాట సగము మాత్రమే నిజము. మంచి వడ్రంగి దూలము అంచున తెల్లచెక్క మిగులకుండ చెక్కివేసెడివాడు. ఆరవ శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో ఇంటికి, మంచమునకు, విగ్రహమునకు ఏ చెట్టు తగును, ఏది తగదు అని ప్రత్యేకముగ విచారించియుండుటను బట్టి కలప ఎంపిక ఈ దేశమున ఎంత పాత విద్యయో ఊహింపవచ్చును.

రెండవది నీట నానవేయుట. వెదుళ్లను, లేత కలపను చెరువులోనో, కాలువ ప్రక్క గుంటలోనో కొన్ని వారములు ముంచి ఉంచి, పిదప నీడను ఆరబెట్టెడివారు. గుంట నీరు కుళ్లి కంపుకొట్టెడిది. ఆ కంపే పని జరుగుచున్నదనుటకు సాక్ష్యము. చెక్కలోని పిండిపదార్థము నీటిలో పులిసి తరిగిపోవును. ఆ పిండినే ఆశించి వచ్చు పురుగునకు తిండి దొరకదు. ఆ సంగతిని రసాయన శాస్త్రము పేరు పెట్టి చెప్పలేకపోయినను పూర్వులు అనుభవముచే గ్రహించిరి. వానకాలము వెళ్లిన తరువాతనే వెదురు నరకవలెనన్న కట్టడికిని ఇట్టి మూలమే కలదు. వానలలో కొత్త మొలకలు పెరుగుటకు గడలోని నిలువ పిండి ఖర్చగును. బహుళ పక్షముననే నరకవలెనను నమ్మకము కూడ పలుచోట్ల కలదు. ఋతువు విషయమున శాస్త్రము పలికినంత గట్టిగా చంద్రకళ విషయమున పలుకదు.

మూడవది నేలతో పొత్తు లేకుండ చేయుట. స్తంభమును మట్టిలో పాతక రాతి దిమ్మపై నిలుపుటలో అందముకన్న అవసరమే ఎక్కువ. చెద నేలనుండి వచ్చును. రాయి నడుమ అడ్డుపడినచో అది మట్టి గూడు కట్టుకొనుచు బయటపడి రావలెను, అప్పుడది కంటబడును. నాలుగవది పొగ. పొయ్యి పైనున్న అటకలోని వాసములు మసిబారి నల్లబడియుండుట ముసలివారు ఎరుగుదురు. ఆ పొగ కర్రను పొడిగా ఉంచి, పురుగును దరిజేరనీయలేదు. వెదురు తట్టలను, నాగటి సామానును పొయ్యి మీద కట్టుట అందులకే.

ఐదవది, అన్నిటికన్న విలువైనది, చూపు. వారమువారము గడప కడిగి పసుపు పూయునట్టి ఇల్లాలు గడపలోని ప్రతి చీలికను, ప్రతి రంధ్రమును కన్నులారా చూచుచుండెను. పసుపు పూతకన్న ఆ చూపే గడపకు ఎక్కువ మేలు చేసినదనుట సాహసము కాదు. ఏటేట పెంకు నేతకు కప్పు ఎక్కిన మనిషి వాసములను తట్టి చూచి, మెత్తబడినదానిని అప్పుడే మార్చెడివాడు.

సముద్రపు అంచున ఇదే పోరాటము మరియొక రూపమున జరిగినది. కోరంగి రేవు ఓడల నిర్మాణమునకు, మరమ్మతులకు పేరుగాంచినది. ఉప్పునీటిలో ఓడ అడుగును తొలుచు నత్తజాతి పురుగు ఒకటి కలదు. దానినుండి కాపాడుటకు ఈ దేశపు ఓడవారు సున్నము, నూనె కలిపిన పూతను వాడగా, ఆంగ్ల నౌకాదళము 1761లో ఓడ అడుగునకు రాగి రేకు తొడిగించి పరీక్షించినది. రాగి ప్రాణులను దూరముగ ఉంచునన్న ఆ యెరుక తరువాతి కాలమున ఇంటి కలపకును ఉపకరించినది.

శత్రువు ఒకటి కాదు

వాడుకలో "పుచ్చు" అను ఒకే మాటతో చెప్పబడునవి నిజమునకు వేరువేరు ప్రాణుల పనులు. ఏది వచ్చినదో తెలియక చేసిన చికిత్స వ్యర్థము.

చెదలు గుంపుగా బ్రతుకు ప్రాణులు. వానికి తేమ కావలెను. గోడ వెంబడి మట్టి నాళములు కట్టుకొని వచ్చును. పైపొర పలుచగా ఉంచి లోపల అంతయు తినును. వేలితో నొక్కినప్పుడు కర్ర కాగితమువలె లోపలికి పోయినచో అది చెద.

పిండి పురుగు చిన్న పెంకు పురుగు. అది చేయు రంధ్రము గుండ్రముగ ఒకటి రెండు మిల్లీమీటర్లు మాత్రమే ఉండును. రాలు పిండి మెత్తగా, ముఖమునకు అద్దుకొను పౌడరువలె ఉండును. ఇది పిండిపదార్థముగల తెల్లచెక్కను మాత్రమే తినును; చేవ జోలికి పోదు. కలప పాతబడిన కొలది అందలి పిండి తరిగిపోవును గనుక, కొత్త కలపకే దీని బాధ ఎక్కువ. వెదురును తొలుచు మరియొక చిన్న పురుగు దీనికి చుట్టము. ఈ వర్గములోనే కొంచెము పెద్దవి మూడు మొదలు ఆరు మిల్లీమీటర్ల రంధ్రములు చేయును.

మీసములు పొడవుగా ఉండు పెద్ద పెంకు పురుగు మూడవది. దీని పిల్లపురుగు ఎండిన కర్రలోనే ఏండ్ల తరబడి బ్రతుకగలదు. పైకి ఏమియు కన్పించదు; నిశ్శబ్దమైన రాత్రివేళ దూలములో కరకరమను సన్నని చప్పుడు కొన్నిసార్లు వినవచ్చును. రంధ్రము కన్పించుసరికి పురుగు తన పని ముగించి ఎగిరిపోయియుండును. పాత ఇంటి దూలములకు నిజముగా భయపడదగిన శత్రువు ఇది. చెదలు దీనికి తోడు.

రంధ్రము పురుగు లోపలికి పోయిన ద్వారమని పలువురి భ్రమ. పిండి పురుగు విషయమునను, మీసముల పురుగు విషయమునను అది వెలుపలికి వచ్చిన ద్వారము. కావున రంధ్రముండుట గడచిన కథ. కొత్త పిండి రాలుట జరుగుచున్న కథ.

వెస్ట్‌మినిస్టరు నుండి డెహ్రాడూను వరకు

ఇంటివారి చేతిలోనున్న ఈ పని శాస్త్రముగ, వృత్తిగ మారిన కథ ఇంగ్లండులో ఆరంభమైనను, అందు భారతదేశమునకు పాలు కలదు. లండనులోని వెస్ట్‌మినిస్టరు సభామండపమునకు 14వ శతాబ్దాంతమున నిర్మింపబడిన గొప్ప ఓకు కప్పు కలదు. 1914 ప్రాంతమున ఆ కప్పు దూలములను పరిశీలింపగా పురుగు లోపల గుహలవలె తొలిచియుండుట బయటపడెను. దానికి మందు కనిపెట్టు పని హెరాల్డు మాక్స్‌వెల్ లెఫ్రాయి అను కీటకశాస్త్రజ్ఞునకు అప్పగింపబడెను. ఆయన అంతకుముందు భారత ప్రభుత్వపు కీటకశాస్త్రజ్ఞుడుగ బీహారులోని పూసాలో పనిచేసి, 1909లో భారతదేశపు కీటకములపై ఒక బృహద్గ్రంథమును ప్రకటించిన వ్యక్తి. ఆయన మందు ఫలించినది. పదిమందికి దానిని విక్రయించుటకై 1925లో రెంటోకిల్ అను సంస్థ ఏర్పడినది. ఇంటి పురుగును తొలగించుట ఒక వృత్తియగుటకు అది ముఖ్యమైన మెట్టు. కాని అదే సంవత్సరము అక్టోబరులో లెఫ్రాయి తన ప్రయోగశాలలో విషవాయువును పరీక్షించుచు ఆ వాయువునకే బలియయ్యెను. పురుగును చంపు మందు మనిషిని గుర్తెరిగి విడువదని ఆ వృత్తి పుట్టిననాడే తేలినది.

పురుగు పట్టిన కర్రకు మందు వేయుట ఒక మార్గము; పురుగు పట్టకముందే కర్రకు రక్షణ పట్టించుట రెండవ మార్గము. ఈ రెండవ మార్గమున ప్రపంచమునకు దారి చూపినవాడు తెలుగువాడు. ఆయన సొంఠి కామేశం. డెహ్రాడూనులోని అటవీ పరిశోధన సంస్థ 1906లో స్థాపింపబడినది. అచ్చట కలప రక్షణ విభాగమున పనిచేసిన కామేశం, జర్మను శిలీంధ్ర శాస్త్రజ్ఞుడు రిచర్డు ఫాల్కుతో కలిసి మొదట ఒక మందును రూపొందించెను. ఇరువురి పేర్లు కలిపి దానికి ఫాల్కమేశం అని పేరు వచ్చినది. పిదప 1933లో ఆయన రాగి, క్రోమియము, ఆర్సెనిక్కు లవణములను కలిపి మరియొక ద్రావణమును కనిపెట్టెను. దానికి ఆస్కు అను పేరు స్థిరపడినది.

అంతకుముందు కలప మందులు లేకపోలేదు. ఇంగ్లండులో 1832లో కయాను పాదరస లవణమును, 1838లో బెతెల్ తారునుండి తీసిన క్రియోసోటు నూనెను ప్రవేశపెట్టిరి. పాదరసము ఘోర విషము. క్రియోసోటు నల్లగా, జిడ్డుగా, కంపుకొట్టుచు ఇంటిలోపల వాడుటకు వీలులేనిది. నీటిలో కరగు లవణములు శుభ్రముగ ఉండును గాని వానకు కొట్టుకొనిపోవును. కామేశం చేసిన మేలు ఈ చిక్కును విప్పుట. ఆయన ద్రావణములో రాగి బూజును ఆపును, ఆర్సెనిక్కు పురుగును చంపును. క్రోమియము కర్రలో మార్పుచెంది, మిగిలిన రెంటిని కదలనీయక పట్టియుంచును. నీటితో లోపలికి పోయిన మందు నీటితో వెలుపలికి రాదు. 1934లో బ్రిటను, 1938లో అమెరికా ఆయనకు పేటెంటు హక్కులిచ్చినవి. అమెరికాలో బెల్ టెలిఫోను ప్రయోగశాలవారు దానిని స్తంభములకై పరీక్షించిరి. తరువాతి దశాబ్దములలో ఆ మూడు లవణముల మిశ్రమము విద్యుత్తు స్తంభములు మొదలు ఇంటి అరుగుల వరకు ప్రపంచమంతట వ్యాపించినది. నూరేండ్లు నిలిచిన గోదావరి వాసము వెనుక పేరు లేని వడ్రంగి యుండగా, నేలలో పాతినను చెడని స్తంభము వెనుక ఒక తెలుగు శాస్త్రజ్ఞుని పేరు ఉండుట గర్వకారణము. అయినను ఆ పేరు సొంత సీమలో తగినంత వినబడకపోవుట విచారకరము.

మందు వెంట వచ్చిన ముప్పు

ఏ మందు చరిత్రయు పొగడ్తతో ముగియలేదు. ఆర్సెనిక్కు కర్రలో చాలవరకు నిలిచినను, కొంత మెల్లగా వెలికి వచ్చునని పరీక్షలలో తేలినది. అమెరికాలో 2003 చివరినుండి ఇండ్లకు, పిల్లలు ఆడుకొను చోట్లకు వాడు కలపలో ఆ మిశ్రమము మానివేయబడెను. ఐరోపా దేశములును 2004లో కట్టడి చేసినవి. భారతదేశములో ఆర్సెనిక్కునకు బదులు బోరాను కలిపిన మిశ్రమములును వాడుకలో కలవు. పాత స్తంభపు ముక్కలు, మందు పట్టించిన పలకలు ఎచ్చటనైన దొరకినచో పొయ్యిలో పెట్టరాదు. కాలినను ఆర్సెనిక్కు నశింపదు. పొగలోను, బూడిదలోను ఉండును. ఆ బూడిద పెరటి మొక్కలకు వేయుట మరింత ప్రమాదము.

రెండవ ప్రపంచయుద్ధము తరువాత వచ్చిన డీడీటీ, బీహెచ్‌సీ, ఆల్డ్రిను, క్లోర్డేను మున్నగు మందుల కథయు ఇట్టిదే. చవకగా, బలముగా, చిరకాలము పనిచేయునని వానిని పొలములందును, ఇండ్లందును చల్లిరి. చిరకాలము నిలుచుటయే వాని దోషమని పిదప తెలిసినది. అవి నేలలోనుండి చేపకు, చేపనుండి మనిషికి ఎక్కి కొవ్వులో పేరుకొనును. భారతదేశములో బీహెచ్‌సీ 1997లో నిషేధింపబడెను. 2001నాటి స్టాక్‌హోము ఒడంబడిక మొదటి పట్టికలోనే ఆల్డ్రిను, డీల్డ్రిను, క్లోర్డేను, హెప్టాక్లోరు చేరినవి. వాని తరువాత చెదల మందుగ ఇంటింట వ్యాపించిన క్లోరిపైరిఫాసు కూడ 2025లో కొన్ని మినహాయింపులతో అదే ఒడంబడిక క్రిందికి వచ్చినది. ఒక తరమువారు మెచ్చిన మందును తరువాతి తరమువారు భయముతో చూచుట ఇట్లు పలుమార్లు జరిగినది. ఆరబెట్టుట, చెక్కివేయుట, నేలకు దూరముగ ఉంచుట, కన్ను వేసి చూచుట - ఇవి మాత్రము ఏ పట్టికలోను నిషేధింపబడలేదు.

గృహస్థు చేయదగినది

మొదట పురుగు బ్రతికియున్నదో లేదో చూడవలెను. దూలమును శుభ్రముగ తుడిచి, ఉన్న రంధ్రములను మైనముతో మూసి, క్రింద నల్లని కాగితము పరచి, చైత్రమునుండి జ్యేష్ఠము వరకు గమనింపవలెను. పెంకు పురుగులు సాధారణముగ వేడి మాసములలోనే బయటికి వచ్చును. కొత్త రంధ్రము లేక, కొత్త పిండి లేక ఆ మాసములు గడచినచో బాధ తీరిపోయియుండుటకే అవకాశము ఎక్కువ. అయినను మీసముల పురుగు ఏండ్ల తరబడి దాగియుండగలదు గనుక, మరి రెండు వేసవులు ఇట్లే చూచుట మంచిది. పాత రంధ్రములు మాత్రమే ఉండి, మేకు గ్రుచ్చినప్పుడు కర్ర గట్టిగా ఉన్నచో అట్టి యింటిని విప్పవలసిన పని లేదు.

పురుగు తెల్లచెక్కలో మాత్రమే ఉన్నచో మెత్తబడిన భాగమును బాడిసతో చెక్కివేయుట సగము చికిత్స. మిగిలిన కర్రకు రంగు, వార్నీషు గీకివేసి, బోరాక్సు, బోరికామ్లము కలిపిన నీటి ద్రావణమును రెండు మూడు సార్లు పట్టింపవచ్చును. రంధ్రములలోనికి సూదితో ఎక్కింపవచ్చును. వార్నీషు ఉన్న కర్రలోనికి ఈ మందు పోదు. వాన తగులు చోట ఇది నిలువదు. పిండి పురుగునకు విరుగుడుగ ఆస్ట్రేలియా, న్యూజిలాండు దేశములు 20వ శతాబ్దపు నడుమనుండి దీనిని విరివిగ వాడినవి. మనుష్యులకు దీని హాని తక్కువ. అంతమాత్రమున పిల్లలకు అందునట్లు ఉంచరాదు.

పీటలు, కుర్చీలు, చిన్న పెట్టెలు మొదలగువానికి ఎండయే మందు. ఎగుమతి కలప పెట్టెలలో పురుగు చావవలెనన్నచో కర్ర నడుమ భాగము 56 డిగ్రీల వేడిలో 30 నిమిషములు ఉండవలెనని 2002నాటి అంతర్జాతీయ నియమము. రోహిణి కార్తె ఎండలో నల్లని పాలిథీను కప్పిన పలుచని సామాను ఆ వేడిని అందుకొనగలదు. జానెడు మందపు దూలము అందుకొనలేదు. కిరోసిను పూయుట పలుచోట్ల అలవాటు. అది తాకిన పురుగునే చంపును, లోపలిదానిని చేరదు; పైగా కప్పునకు నిప్పు భయము తెచ్చును. వేపనూనె కొత్త పురుగును కొంత దూరముగ ఉంచునేమో గాని లోపలనున్నదానిని వెళ్లగొట్టదు.

వృత్తివానికి విడువదగినది

మూడు సందర్భములలో ఇంటివాడు స్వయముగ పూనుకొనరాదు. కప్పు బరువు మోయు దూలము లోపల గుల్లయైనప్పుడు మొదట వలసినది మందు కాదు. దన్ను నిలిపి కర్రను పరీక్షింపగల అనుభవజ్ఞుడైన వడ్రంగి, ఇంజనీరు. నేలనుండి చెద పలుచోట్ల లేచినప్పుడు గోడల వెంబడి రంధ్రములు వేసి మందు ఎక్కించుట రెండవది. విషవాయువు పట్టించుట మూడవది. ధాన్యపు మాత్రలని పేరుపడిన అల్యూమినియము ఫాస్ఫైడును తలుపులు మూసి ఇంటిలో పెట్టుట ప్రాణాంతకము. దాని వాడుక చట్టముచే కట్టడి చేయబడినది; అనుమతి గల నిపుణులు తప్ప ఇతరులు ముట్టరాదు.

1968నాటి కీటకనాశకముల చట్టమును అనుసరించి, డబ్బు తీసికొని మందు చల్లువానికి లైసెన్సు ఉండవలెను. దానిని చూపుమని అడుగుట గృహస్థుని హక్కు. మందు పేరేమి, ఎన్ని పాళ్ల నీటితో కలుపుదురు, ఎన్ని దినములు ఆ గదిలో ఉండరాదు అని అడిగి కాగితముపై వ్రాయించుకొనవలెను. పురుగు పేరు చెప్పక, రంధ్రమును చూచినంతనే ఇల్లంతయు మందు కొట్టవలెనను వానికి పని అప్పగింపకుండుట మేలు.

డెల్టా గ్రామములకు మరియొక హెచ్చరిక అవసరము. ఇచ్చట నేల నీరు చాల పైననే ఉండును. నూతి దగ్గర, చేతిపంపు దగ్గర నేలలో పోసిన మందు త్రాగునీటిని చేరుటకు ఎంతో కాలము పట్టదు. చేపల చెరువులు, రొయ్యల చెరువులు ఇంటి వెనుకనే ఉన్న ఊళ్లు పెక్కు. సైపర్‌మెత్రిను, బైఫెన్‌త్రిను జాతి మందులు చేపలకు, రొయ్యలకు మహావిషములు. డబ్బాలు కడిగిన నీరు బోదెలో పోసినను చెరువునకు ముప్పు.

1986 ఆగస్టు నాటి గోదావరి వరదలు, 1996 నవంబరు 6 నాటి తుపాను ఎన్నియో ఇండ్లను నీట ముంచి, కప్పులను ఎత్తివేసినవి. అట్టి ఉపద్రవము తరువాత కర్రకు బూజు, చెద వెంబడించును. నీరు తీసిన వెంటనే స్తంభపాదములనుండి ఒండ్రు కడిగి, గాలి ఆడనిచ్చి, పూర్తిగ ఆరిన తరువాతనే రంగు వేయవలెను. తడి కర్రకు రంగు వేయుట రోగిని దుప్పటి కప్పి దాచుట వంటిది.

గ్రంథాలయపు బీరువా

1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగిన నాటినుండి ఊరూర వెలసిన గ్రంథాలయములకు ఈ పురుగు పాత విరోధి. ఆ ఉద్యమమునకు పాదు వేసిన అయ్యంకి వేంకటరమణయ్య తూర్పు గోదావరి జిల్లా కొంకుదురులో జన్మించినవారు. తాళపత్రములకు నిమ్మగడ్డి నూనె పూసి, గుడ్డలో చుట్టి, నడుమ వస కొమ్ములుంచి తరతరములు కాపాడిన ఫలితముగనే రాజమహేంద్రవరపు గౌతమీ గ్రంథాలయము వంటి చోట్ల తాటాకు గ్రంథములు నేటికిని చూడగలుగుచున్నాము. చెక్క బీరువాను గోడకు జానెడు దూరముగ, కాళ్ల క్రింద రాయి లేక ఇటుక ఉంచి నిలుపుట, ఏటికొకసారి పుస్తకములు దింపి వెనుక పలకను తట్టి చూచుట, చదువరులు పుస్తకములను తరచు తీసికొనిపోవుట - వీనికి మించిన మందు లేదు. కదలని పుస్తకమే పురుగునకు ఇష్టము.

ప్రతి పాత ఇంటికిని ఒక చిన్న పుస్తకముండుట మంచిది. ఏ దూలము ఏ కలప, ఏ యేట మార్చిరి, ఏ మందు పట్టించిరి, ఎవరు పట్టించిరి అని అందు వ్రాసియుంచినచో, రేపు ఆ కర్రను కోయు వడ్రంగికి, కాల్చబోవు ఇల్లాలికి, విప్పవలెనా నిలుపవలెనా యని తర్కించు వారసులకు అది ఆధారమగును. పురుగు వ్రాసిన అక్షరములకు అర్థము లేదు; ఇంటివాడు తేదీ వేసి వ్రాసిన నాలుగు పంక్తులకు కలదు. అట్టి పుస్తకము లేని ఇండ్లవారు ఈ వేసవిలో నల్లకాగితము పరచి చూచి, కన్పించినదానినే మొదటి పుటలో వ్రాసికొనవచ్చును.